నలభై రెండు సెకన్లు

మార్చి 3, సోమవారం

ఆ రోజు పెద్దమామయ్య చూసింది నా వైపా, నా వెనక గోడకున్న గడియారం వైపా?

పంతొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. బట్టలు ఆరేస్తున్నప్పుడు వస్తుంది, బస్సులో నిలబడ్డప్పుడు వస్తుంది. మామయ్య పోయి ఆరేళ్లయింది. ఇక అడిగే వీలు లేదు. వీలున్న పదమూడేళ్లలోనూ అడగలేదు.

ఇవాళ ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

జాతీయ సభలో మూలవాసులకు అయిదు స్థానాలు ఇవ్వాలా వద్దా అన్న బిల్లు కమిటీ ముందుంది. వద్దనేవాళ్లకు ఉన్న బలమంతా ఒక్క పేజీ. పంతొమ్మిదేళ్ల కిందట కొండ పెద్దలు పదకొండుమందిని రాజధానికి పిలిపించి, ‘ఓటున్న స్థానాలు ఎందుకు మీకు, ప్రభుత్వమే ఒక సలహాదారుణ్ణి నియమిస్తుంది, సమ్మతమేనా’ అని అడిగారు. ఆ సమావేశం రికార్డులో నలభై ఒకటో పేజీ చివర ఇలా ఉంది: “అభ్యంతరం ఎవరూ తెలపలేదు. ఏకగ్రీవంగా అంగీకరించారు.” వారం రోజులుగా సభలో అదే పాట. వాళ్లే అక్కర్లేదన్నారు కదా, మనమెందుకు అంటగట్టడం?

కమిటీ ఇప్పుడు ఆ పేజీకి ధ్రువీకరించిన నకలు అడిగింది. మా విభాగంలో ఆ భాష వచ్చింది నాకొక్కదానికే. “టేపుతో సరిచూశాను, రికార్డు సరైనదే” అని కింద రాసి సంతకం పెట్టాలి. ఇరవయ్యో తారీకు గడువు.

ఆ సమావేశంలో దుభాషిని నేనే. రికార్డులో నా పేరు లేదు, “దుభాషి సహాయంతో” అని మాత్రమే ఉంది. ఆ పదకొండుమందిలో మా అమ్మ అన్న ఒకరు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. నాకేం తెలుసు?

మార్చి 4

సంతకం పెట్టలేదు. వేరే పని ఎక్కువగా ఉంది.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే చోట మళ్లీ అదే చర్చ. టైపిస్టు మొదలెట్టింది.

“అయిదుగురు కొత్తగా వస్తే సభలో కుర్చీలు సరిపోతాయా?”

“సరిపోకేం? ఉన్నవాళ్లు ఎప్పుడు కూర్చున్నారు గనక!” అన్నాడు స్టెనో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఒక క్షణం ఆలస్యంగా.

“నాలుగొందలమందిలో అయిదుగురు. సముద్రంలో కాకిరెట్ట. ఇచ్చినా ఒరిగేదేం లేదు” అన్నాడు లెక్కలు చూసే ఆయన.

“ఒరిగేదేం లేకపోతే ఇచ్చేయొచ్చుగా, ఈ ఏడుపెందుకు?” అంది టైపిస్టు. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆమెను చూస్తే నాకు అసూయ.

మా విభాగాధిపతి అప్పటిదాకా తలెత్తలేదు. ఆయన్ని వెనక అందరం కామా అంటాం. ఏ పేజీ ఇచ్చినా రెండు కామాలు పెట్టనిదే తిరిగివ్వడు. చేయి కడుక్కుంటూ అన్నాడు: “వాళ్ల అభిప్రాయం రికార్డులో ఉంది. రికార్డుంటే చర్చ ఎందుకండీ?”

ఆయన నా వైపు చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే చీర కొంగు సర్దుకున్నాను.

అమ్మ కొండమనిషి అని ఇక్కడెవరికీ తెలియదు. ఆ భాష విశ్వవిద్యాలయంలో చదివానని దరఖాస్తులో రాశాను. అబద్ధం కాదు, రెండేళ్లు చదివాను. అంతకుముందే అమ్మ ఒళ్లో నేర్చుకున్నానని రాయలేదు, అంతే. ఎవరూ అడగలేదు కూడా.

మార్చి 9, ఆదివారం

చిన్నమామయ్య వచ్చాడు. దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే సంతకాల కాగితాల కట్ట చంకలో పెట్టుకుని నేరుగా ఇంటికొచ్చాడు. అయిదు స్థానాల కోసం తిరుగుతున్నవాళ్లలో ముందున్నది ఆయనే.

“అక్కా, ఇక్కడ వేలు పెట్టు.”

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని దిండుగలీబు కుడుతోంది. కళ్లద్దాల పైనుంచి చూసింది. “ఎందుకురా?”

“సభలో మన తరఫున మాట్లాడటానికి మనుషులు కావాలని.”

“మన తరఫునా? మనలో ఒకడి మాట ఇంకొకడికి ఎప్పుడు చెల్లింది? నువ్వు తలూపితే నా తల ఊగినట్టేనా?”

“ఆ కాలం పోయిందక్కా. ఈ ఊళ్లో తల ఊపకపోతే మనకి మెడ ఉందని కూడా అనుకోరు.”

అమ్మకు నవ్వొచ్చింది గానీ సూది ఆపలేదు. మామయ్య నా వైపు తిరిగాడు.

“నువ్వైనా చెప్పవే అమ్మాయ్. పోయినేడు మన ఏటి మీద ఆనకట్ట కట్టే చట్టం ఎంతసేపట్లో పాసయిందో తెలుసా? ఇరవై నిమిషాలు. మనకని పెట్టిన సలహాదారు గారికి ఆ రోజు పన్ను నొప్పట, సెలవు. ఉన్నా చేసేదేముంది, ఓటు లేదుగా. ఈ సమావేశాల్లో బిల్లు దాటకపోతే వచ్చే ఎన్నికలకి స్థానాలుండవు. ఇంకో అయిదేళ్లు. ఏరు అయిదేళ్లు ఆగుతుందా?”

“నాకు తెలుసు మామయ్యా.”

“ఆ నలభై ఒకటో పేజీ ఒక్కటే అడ్డం. మనవాళ్లు ఒప్పుకున్నారట! అన్నయ్య ఒప్పుకునే మనిషేనా?” కాగితాలు మంచం మీద పడేశాడు. “ఆ రోజు మధ్యలో ఎవడో దుభాషి ఉన్నాడట. మీ ఆఫీసే కదా, ఎవడో కనుక్కో.”

“దొరికితే?”

“కొట్టనులే. ఎదురుగా కూర్చోబెట్టి మొహం చూసి అడుగుతాను. అంతే.”

నేను మంచినీళ్లు తెస్తానని లేచాను. గ్లాసు నింపి, వంటగదిలోనే తాగేసి, మళ్లీ నింపాను. తిరిగొచ్చేసరికి అమ్మ దారం కొరుకుతూ నన్నే చూస్తోంది.

పదకొండుమందీ పదకొండు కొండల వాళ్లు. పట్నంలో పెరిగిన నన్ను ఎరిగినవాడు పెద్దమామయ్య ఒక్కడే. ఆ రోజు హాల్లో నన్ను పలకరించలేదు. పరాయిదాన్ని చూసినట్టు చూసి తన కుర్చీలో కూర్చున్నాడు. బయటకొచ్చాకా ఎవరికీ చెప్పలేదన్నమాట. చిన్నమామయ్యకు కూడా.

మార్చి 10

ఫోను మోగినప్పుడల్లా చిన్నమామయ్యేమో అనుకున్నాను. మూడుసార్లూ మా అమ్మాయే, కాలేజీ నుంచి.

మార్చి 12, బుధవారం

టేపు విన్నాను.

రికార్డు గది ఆయన్ని బూజు అంటారు. మంచివాడు. క్యాసెట్టు తుడిచి ఇస్తూ, “మొన్న కామా గారు కూడా అడిగారమ్మా. తీరా తీస్తే వినకుండానే వెళ్లిపోయారు” అన్నాడు. ఆయనకెందుకు?

చిన్న గది. కిటికీ లేదు. హెడ్‌ఫోన్లు చెవులకి బిగుతుగా ఉన్నాయి. నా గొంతు నాకే పరాయిగా, సన్నగా, ఉత్సాహంగా వినిపించింది. ప్రతి మాటా సరిగ్గానే చెప్పాను. సమ్మతమేనా అన్న ప్రశ్నను అమ్మ భాషలో ఎంత చక్కగా అడిగానో! ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

చేతి గడియారం పెట్టుకుని మూడుసార్లు కొలిచాను. నలభై రెండు సెకన్లు. ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. అది పెద్దమామయ్య దగ్గు. ఆయన తలెత్తి చూసింది అప్పుడే. మా అందరికీ తెలిసిన దగ్గు. తర్వాత ఆనాటి కార్యదర్శి గొంతు: “అభ్యంతరం లేదనే రాసుకుందామా, అమ్మాయ్?”

నేనేదో అన్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అవునండీ అనో, అలాగేనండీ అనో. ఆ ‘అవును’ వినపడుతుందేమోనని భయపడుతూనే ఇవాళ లోపలికి వెళ్లాను.

ఏమీ లేదు. నేనేమీ అనలేదు. కాగితం మీద పెన్ను గీసుకుంటున్న చప్పుడు మాత్రం వినపడింది.

నాకేం తెలుసు అని రాశాను తొమ్మిది రోజుల కిందట. తెలుసు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, సెలవుల్లో పెద్దమామయ్య ఇంట్లో ఉన్నాను. కలప కాంట్రాక్టరు ఒకడు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. చెట్లు కొట్టుకోనిస్తారా అని అడిగాడు. మామయ్య నీళ్లిచ్చాడు, తమలపాకిచ్చాడు, ఎదురుగా కూర్చున్నాడు, నోరు తెరవలేదు. చాలాసేపటికి కాంట్రాక్టరు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆయనెందుకు వెళ్లిపోయాడమ్మా అంటే అమ్మ చెప్పింది: “వద్దని మొహమ్మీద చెప్పడం మర్యాద కాదు. ఇష్టమైతే ఎవరి నోటితో వాళ్లు చెబుతారు, ఒక్కొక్కరే. ఇష్టం లేకపోతే ఊరుకుంటారు.”

ఎనిమిదేళ్లకే తెలుసు నాకు. ఇరవై నాలుగేళ్లకు తెలియకుండా పోతుందా?

మార్చి 13

అమ్మ తల దువ్వుతూ అడిగాను, పెద్దమామయ్య ఆ సమావేశం గురించి నీతో ఎప్పుడైనా అన్నాడా అని.

“ఆ సాయంత్రం ఇక్కడికే వచ్చాడుగా. నువ్వు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.”

దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

“ఏమన్నాడు?”

“పిల్లకి ఉద్యోగం కొత్త, దాన్నేమీ అడక్కు అన్నాడు. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. చిక్కు తియ్యవే, లాగకు.”

పంతొమ్మిదేళ్లు అమ్మ నన్నేమీ అడగలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే సబ్బు వాడాం. నేను ఏదైనా చేసి వస్తే అమ్మ ఊరుకునేది, ఏదైనా అడిగితే ఊరుకునేది. ఆ ఊరుకోవడాల్లో ఎన్నింటిని నేను ‘సరే’ అనుకున్నానో!

మార్చి 14, శుక్రవారం

మా ఆయనకు చెప్పాను. పాలిటెక్నిక్‌లో కొలతల పాఠం చెప్పే మనిషి, ప్రతిదీ కొలిచి మాట్లాడతారు. అంతా విని, కళ్లద్దాలు తుడుచుకుని, “నువ్వు సంతకం పెట్టేది నకలుకి. జరిగినదానికి కాదు” అన్నారు.

“టేపుతో సరిచూశానని రాయాలి.”

“చూశావుగా. టేపులో అభ్యంతరం ఎవరైనా తెలిపారా?”

“లేదు.”

“మరి?”

ఎంత హాయిగా ఉందో ఆ ‘మరి’! ఓ గంటసేపు భయం లేకుండా తిరిగాను. గిన్నెలు కడిగాను, అమ్మాయితో పోట్లాడాను. తర్వాత ‘ఏకగ్రీవంగా అంగీకరించారు’ అన్న రెండో వాక్యం గుర్తొచ్చింది. ఆయనకు ఆ వాక్యం చదివి వినిపించలేదు నేను. మరిచిపోయాను.

మరిచిపోయానా?

మార్చి 17, సోమవారం

కామా గారు గదిలోకి పిలిచారు. తలుపు ఆయనే వేశారు.

“కూర్చోండమ్మా. ఫైలు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టుంది.”

“చూస్తున్నానండీ.”

“రెండు వాక్యాలు. రెండు వారాలుగా చూస్తున్నారు.” సొరుగు లాగి పచ్చబడిన చీటీ ఒకటి బల్ల మీద పెట్టారు. ఆ రోజు హాజరు చీటీ. దుభాషి అన్నచోట నా సంతకం, కొత్త ఉద్యోగి సంతకం, గుండ్రంగా ముద్దుగా ఉంది. దాని కింద లేఖకుడు అన్నచోట ఆయన సంతకం.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. టేపులో గీసుకున్న పెన్ను ఈయనదే. ఈయనా ఆ రోజు చిన్న లేఖకుడే, మొహం కూడా నాకు గుర్తు లేదు.

“కార్యదర్శి గారు చెప్పింది మొదటి వాక్యం ఒక్కటేనమ్మా” అన్నారు నెమ్మదిగా. “రెండోది నేనే రాశాను. వాక్యం బోడిగా ఉందనిపించింది. పైగా అభ్యంతరం లేకపోతే అంగీకారమేగా. మీరు పక్కనే ఉన్నారు, టేపు ఆపాక చదివి వినిపించాను కూడా. మీరేం అనలేదు.”

నాకది గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

“నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ఈ చీటీ ఇక్కడే ఉంటుంది. మీరు సంతకం పెట్టేయండి, ఇద్దరం ప్రశాంతంగా ఉంటాం. తప్పుడు రికార్డంటే శాఖాపరమైన విచారణతో పోదు. మీకు తెలుసుగా.”

బెదిరించలేదు ఆయన. చీటీ అంచు మడిచి, విప్పి, మళ్లీ మడుస్తున్నారు. నా భయానికి ఎదురుగా ఇంకో భయం కూర్చుని బతిమాలుతోంది. అందుకే మరీ భయమేసింది.

మార్చి 18

ఒళ్లు వెచ్చగా ఉందని సెలవు పెట్టాను. లేదు.

మార్చి 20, గురువారం

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, టైపిస్టు రాకముందే స్వయంగా రాశాను. ఆరు చిత్తులు చింపాను. చివరికి మిగిలింది ఇది:

“టేపుతో సరిచూశాను. ప్రశ్న అడిగాక నలభై రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. అంగీకరించారనడానికి టేపులో ఆధారం లేదు. ఆ సమాజంలో సమ్మతిని ఎవరికి వారు నోటితో చెబుతారు. ఈ సంగతి ఆనాటి దుభాషికి తెలుసు. దుభాషిని నేను. కాబట్టి ఈ పేజీని ధ్రువీకరించలేను.”

సంతకం పెట్టి, కమిటీ పెట్టెలో వేశాను. వేశాక చేయి పెట్టెలోకి దూరుతుందేమోనని చూశాను. దూరదు. మణికట్టు దగ్గర గీరుకుంది.

కామా గారికి నేనే చెప్పాను. ఆయన బల్ల మీదున్న కాగితంలో ఒక కామా పెట్టి, తీసేశారు.

మార్చి 21

ఎవరూ ఏమీ అనడం లేదు. స్టెనో కూడా జోకులెయ్యడం లేదు.

మార్చి 22

నేను రాసిచ్చిన సంగతి విని అమ్మాయి అడిగింది: “అయితే నేనూ కొండదాన్నేనా? నాకెందుకు చెప్పలేదు?” జవాబు వెతుక్కునేలోపు తలుపు వేసుకుంది.

మార్చి 23, ఆదివారం

చిన్నమామయ్యకు అమ్మే చెప్పింది. ఫోన్లో. నేను పక్క గదిలో ఉన్నాను. అవతల ఏమంటున్నాడో వినపడలేదు. అమ్మ మాత్రం, “బుధవారం కమిటీ పిలిచింది దాన్ని. అక్కడికే వచ్చి చూడు మొహం” అంది.

మార్చి 26, బుధవారం

వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను.

పొడవాటి బల్ల. అటు తొమ్మిదిమంది, ఇటు నేను. అధ్యక్షురాలు మధ్యలో. ప్రమాణం చేయించారు. ప్రేక్షకుల బెంచీల్లో చిన్నమామయ్య, ఆయనతో ఇరవైమంది దాకా. మామయ్య ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు.

వద్దనే పక్షం సభ్యుడు మొదలెట్టాడు. సరదా మనిషి, అందరికీ ఇష్టుడు.

“ఏమ్మా, మీది కొండేనా?”

“మా అమ్మదండీ.”

“అంటే సగం. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మీరూ సగమే, అంగీకారమూ సగమే. లెక్క సరిపోయిందిగా?”

బల్ల అంతా నవ్వింది. నాకు అలవాటు కొద్దీ నవ్వు రాబోయింది. ఆపుకున్నాను.

“పంతొమ్మిదేళ్లు నిద్రపోయి ఇప్పుడే లేచారే? ఎవరు లేపారు? ఆ తెల్ల చొక్కా ఆయనా?”

“ఆయన మా చిన్నమామయ్య. ఆయనకి మొన్నటిదాకా తెలియదండీ.”

అధ్యక్షురాలు ఆ సభ్యుణ్ణి ఆపి, ముందుకు వంగింది. గొంతు దయగానే ఉంది. “అమ్మా, మాకు కావలసింది ఒక్కటే. ఆ పేజీ కొట్టేయాలంటే ఆధారం కావాలి. ప్రమాణం మీద చెప్పండి. ఆ రోజు వాళ్లు వద్దన్నారా?”

“అది అంగీకారం కాదండీ.”

“అది రాశారు. వద్దన్నారా, లేదా?”

చిన్నమామయ్య బెంచీ అంచుకు జరిగాడు. అందరూ ఆగారు. ఎన్ని సెకన్లో ఈసారి కొలవలేదు. ‘వద్దన్నారు’ అనే మాట నాలుక మీదే ఉంది. అమ్మ చెప్పింది, నేను కళ్లారా చూశాను, పెద్దమామయ్య దగ్గు విన్నాను. అయినా పదకొండుమంది మనసుల్లో ఉన్నది ఒక్కదాన్ని నేనెలా చెప్పను? మళ్లీ వాళ్ల తరఫున నేనేనా?

“వాళ్లనే అడగండి” అన్నాను. “నలుగురు బతికే ఉన్నారు. మిగతావాళ్ల ఊళ్లున్నాయి. వెళ్లి, ఒక్కొక్కరినీ అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.”

సరదా సభ్యుడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “ఇది న్యాయమైన మాట! అడుగుదాం. తీరిగ్గా అడుగుదాం.”

పావుగంటలో తేల్చేశారు. ముగ్గురు సభ్యుల బృందం కొండలకు వెళ్లి విచారిస్తుంది. నివేదిక వచ్చే సమావేశాల్లో. బిల్లు అప్పటిదాకా పక్కన. నలభై ఒకటో పేజీ మాత్రం ‘వివాదాస్పదం’ అయింది. ఎన్నికలు ఈలోపే వచ్చి పోతాయి.

మార్చి 27

సస్పెన్షన్ కాగితం ఇంటికే వచ్చింది. అందులో నాలుగు కామాలున్నాయి. ఆయనే రాసి ఉంటారు. ఆయన పేరూ విచారణలో ఉందని టైపిస్టు ఫోన్ చేసి చెప్పింది.

మార్చి 29, శనివారం

చిన్నమామయ్య వచ్చాడు. చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“నేను దుభాషి మొహం చూసి అడుగుతానన్నాను. అడుగుతున్నాను. ‘వద్దన్నారు’ అనే ఒక్క ముక్క నీ నోట్లో ఉంది. ఎందుకు మింగావు?”

“వాళ్ల తరఫున చెప్పే హక్కు నాకెక్కడిది మామయ్యా?”

“ఆ హక్కు కోసమేగా నేను ఊరూరూ తిరుగుతున్నది! ఎవరో ఒకరు మన తరఫున నోరు తెరవాలనేగా! తెరవగలిగినదానివి నువ్వొక్కదానివే కూర్చున్నావు అక్కడ.”

“ఒకడి మాట ఇంకొకడికి చెల్లదురా” అంది అమ్మ లోపల్నుంచి.

“చెల్లదక్కా. చెల్లకే ఏరు పోతోంది.” నా వైపు తిరిగాడు. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. “రేపు ఆ బృందం వస్తుంది. పట్నం వాళ్లు ముగ్గురు, కుర్చీలేసుకుని అడుగుతారు. మనవాళ్లు మంచినీళ్లిచ్చి ఊరుకుంటారు. అప్పుడేం రాస్తారంటావు?”

అది నాకు తట్టనే లేదు. ఆ భాష తెలిసినదాన్ని, ఆ మౌనం తెలిసినదాన్ని, ‘వెళ్లి అడగండి’ అన్నప్పుడు అది నాకు తట్టనే లేదు.

మామయ్య వెళ్లాడు. వాళ్ల బృందం కన్నా ముందే ఊళ్లకు చేరాలట, డ్యూటీ మార్పించుకున్నాడు. నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు.

మార్చి 31, సోమవారం

రెండు రోజులుగా ఒకటే తిరగేస్తున్నాను. వాళ్ల మాట వాళ్లనే అడగమన్నాను. వినడానికి ఎంతో ధర్మంగా ఉంది. టైపిస్టు ‘భలే అన్నారండీ’ అంది. మా ఆయనా బాగుందన్నారు.

కానీ ఆ మాట అనబోయే ముందు నాకు కనిపించింది పెద్దమామయ్య కాదు, కొండలూ కాదు. ప్రమాణ పత్రం కింద చిన్న అక్షరాల్లో అబద్ధపు సాక్ష్యానికి ఎన్నేళ్లో రాసిన వరస. అది చదివాను. తర్వాతే ‘వాళ్లనే అడగండి’ అన్నాను. ఇది నిజం. కానీ ఆ పదకొండుమంది నోళ్లూ నావి కావన్నది కూడా ఆ క్షణాన నిజంగానే అనిపించింది. ఇదీ నిజమే.

గౌరవంతో ఆగానో, భయంతో ఆగానో నాకు తెలియదు. రేపు నన్ను మళ్లీ పిలిచి అదే ప్రశ్న అడిగితే వాళ్ల తరఫున చెప్పాలో చెప్పకూడదో, అదీ తెలియదు. తేల్చుకోలేకపోతున్నాను.